తిట్టే గొంతుకు కొత్త పని

మనిషి లోపలి గొంతులను పైకి వినిపించే మనసుపెట్టె ఇప్పుడు మిక్సీలాగే ప్రతి వంటింట్లోనూ ఉంది.

వకుళ పోపు వేస్తోంది.

“మాడ్చావూ? నీ ధ్యాసంతా ఎక్కడుందే?” అంది అరలోని పెట్టె. అది వకుళలోని తిట్టే గొంతు. అచ్చం పోయిన వాళ్లమ్మ గొంతే.

“నోరు ముయ్యి!” వకుళ గరిటె విసిరికొట్టింది.

“అరవకమ్మా,” అంది కూతురు హంసిని. “తిట్టే పని తీసేస్తే ఇంకేం చేస్తావని దాన్నే అడగమన్నారుగా డాక్టరుగారు.”

వకుళ విసుగ్గానే అడిగింది. పెట్టెలోని గొంతు మెత్తబడింది.

“కొబ్బరినూనె తీసుకుని ఇలా వచ్చి కూర్చోవే. ఎండలో ఆడి తలంతా చిక్కులు చేసుకున్నావు. జడ వేస్తాను.”

వకుళ పొట్టిగా కత్తిరించుకున్న తన నెరిసిన జుట్టు తడుముకుంది. స్టవ్ ఆపింది. నూనె సీసా తెచ్చుకుని, పెట్టె కింద నేల మీద, వీపు అటు తిప్పి కూర్చుంది.