పసుపు పట్టీ గొట్టం

"మేడమ్, దొంగ దొరికాడు!"

వాకీటాకీలో సెక్యూరిటీ ఎటిమ్ గొంతు వినగానే ఇబిసోకి ఒళ్లు మండింది.

ఎరువుల ఫ్యాక్టరీ ఆపి మరమ్మతులు మొదలుపెట్టి ఇరవై రెండు రోజులు. రేపు పొద్దున్నే గొట్టాల్లోకి మళ్లీ గ్యాస్ వదలాలి. ఆ పనికి పెద్ద ఆమే. లాగోస్ నుంచి మేనేజరు గంటకోసారి ఫోన్ చేసి "అయిందా?" అంటున్నాడు. తిందామని కొన్న కాల్చిన అరటికాయ, చేప పొట్లంలోనే చల్లారిపోయాయి.

ఇప్పుడు ఈ దొంగొకడు.

విసురుగా మెట్లెక్కి పైకి వెళ్లింది. గొట్టాల మధ్య ఓ ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద ఊడ్చేవాళ్ల చొక్కా. చేతిలో ఆకురాయి. ఎదురుగా ఉన్న గొట్టం మీద జానెడు మేర రంగు గీకేసి ఉంది.

"నాలుగు రోజులుగా గేటు దగ్గర పడిగాపులు కాస్తున్నాడు మేడమ్. లోపలికి పంపమంటాడు. ఎందుకయ్యా అంటే చెప్పడు. ఇవాళ ఊడ్చేవాళ్లలో కలిసిపోయి దూరాడు," అన్నాడు ఎటిమ్.

"పేరేంటి తాతా?"

"బారిలే."

"గొట్టం కోసుకుపోదామనా?"

"ఆకురాయితోనా తల్లీ? ఇది తెగేలోపు నాకే నూరేళ్లు నిండుతాయి."

ఎటిమ్ కిసుక్కున నవ్వాడు. ఇబిసో చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

"ఇది ఇక్కడ ఉండాల్సిన గొట్టం కాదు," అన్నాడు ముసలాయన. "ఒక్కసారి గ్రైండర్ ఆనించి చూడు. పక్కవాటి రవ్వలు పొట్టిగా రాలతాయి. దీనివి పువ్వుల్లా విచ్చుకుంటాయి."

"రేపు హైడ్రోజన్ వస్తుంటే ఇవాళ ఇక్కడ నిప్పులు రాల్చమంటావా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"రేపు వస్తుందనే కదా ఇవాళ చూడమంటున్నా."

"ఆ పసుపు పట్టీ కనబడటం లేదా?"

వేడెక్కిన హైడ్రోజన్ మామూలు ఇనుములోకి దూరి లోపల్నుంచే తొలిచేస్తుంది. అందుకని ఇక్కడ క్రోమియం కలిపిన గొట్టాలే వేస్తారు. చూపుకి రెండూ ఒకటే. ఆనవాలుగా క్రోమియం గొట్టానికి స్టోర్‌లోనే పసుపు పట్టీ పూసి పంపుతారు. పట్టీ ఉందంటే ఇంకెవరూ మాట్లాడరు.

"పట్టీ పూసిందీ మనిషే కదమ్మా."

"నాకు పాఠాలు చెప్పకు. అసలు నువ్వెవరు? ఏ కంపెనీ?"

ముసలాయన తల దించుకున్నాడు.

"నేనెవరైతేనేం. గొట్టం చూడు."

ఫోన్ మోగింది. మేనేజరే.

"అయిపోతోంది సార్... లేదు సార్, ఆలస్యం కాదు సార్..."

ఫోన్ పెట్టేసి ఎటిమ్ వైపు తిరిగింది.

"తీసుకుపో."

"తల్లీ, రేపు దీని పక్కన నిలబడేవాళ్లు..."

"తీసుకుపో అన్నానా!"

అక్కడే నిలబడి, ఎటిమ్ రాసిన ఫిర్యాదు మీద సంతకం గీకి ఇచ్చేసింది.

గంట తిరక్కుండానే పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్. "దొంగిలించబోయింది ఏ లోహమో రాయలేదు మేడమ్. క్రోమియం అయితే కేసు గట్టిగా ఉంటుంది. రుజువు పంపండి."

"ఖర్మ!" అనుకుంటూ లోహాలు పరీక్షించే యంత్రం తెప్పించింది. టెక్నీషియన్ దాన్ని ముసలాయన గీకిన చోట ఆనించాడు.

"మేడమ్... క్రోమియం సున్నా."

"యంత్రం పాడయ్యుంటుంది. పక్కదానికి పెట్టు."

పక్కదాంట్లో క్రోమియం ఉంది.

"మళ్లీ దీనికి పెట్టు."

మూడుసార్లు పెట్టాడు. మూడుసార్లూ సున్నాయే.

గ్యాస్ వదలడం ఆపేసింది. మేనేజరు ఫోన్‌లో నోటికొచ్చినట్టు తిట్టాడు. మర్నాడు గొట్టం కోసి, ముక్కని సుత్తితో తట్టారు. అంచు రస్కులా పెళుసుగా విరిగిపోయింది. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. గ్యాస్ వదిలి ఉంటే వాళ్లంతా ఈ పాటికి ఇక్కడే పనిలో ఉండేవాళ్లు.

ఈసారి మేనేజరు అరవలేదు.

"ఆయన్ని వెతికి పట్టుకో ఇబిసో. ఇన్ని వేల గొట్టాల్లో సూటిగా ఆ ఒక్కదాని దగ్గరికే వెళ్లాడంటే మామూలు మనిషి కాదు. మన దగ్గరే ఉద్యోగం ఇద్దాం."

ఇబిసో పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తింది.

"ఆలస్యంగా వచ్చారు మేడమ్. పొద్దున్నే కోర్టుకి పంపేశాం. తప్పు ఒప్పుకున్నాడు," అన్నాడు సార్జెంట్.

"తప్పేంటండీ! ఆయన దొంగ కాదు. నా ఫిర్యాదు వెనక్కి ఇచ్చెయ్యండి."

"దొంగతనం ఒప్పుకోలేదు మేడమ్. ఇదేదో రాసిచ్చాడు. మాకు తలా తోకా తెలియలేదు. మీకేమన్నా అర్థమవుతుందేమో చూడండి."

కాగితం మీద వంకర టింకర అక్షరాలు మూడే వరుసలు.

'అది తప్పు గొట్టమని నాకు పదకొండేళ్ల క్రితమే తెలుసు.

పైవాళ్లు తొందరపెడుతుంటే నోరెత్తలేదు.

దాన్ని అక్కడ అతికిన వెల్డర్ని నేనే.'