కడుపు మీద వెండి గుడ్డ

పాంగ్ మేనేజర్ తలుపు తోసుకుని లోపలికి వచ్చి అక్కడే కొయ్యబారిపోయాడు. సెక్షన్‌లో ఉన్నది ఎనిమిది మంది ఆడవాళ్లు. సాయంత్రంలోగా వాళ్లలో ఒకరిని ఉద్యోగంలోంచి తీసెయ్యాలి, లేకపోతే నువ్వే వెళ్లిపో అని డైరెక్టర్ పొద్దున్నే ఫోన్‌లో తేల్చి చెప్పాడు. ఆ కబురు ఆయనకంటే ముందే ఇక్కడికి చేరినట్టుంది. ఏ బల్ల వెనక చూసినా గులాబీరంగు ఏప్రానే!

అది సొంత కంపెనీ సరుకే. వెండి పోగులు కలిపి నేసిన గుడ్డ. ఫోన్ల నుంచి, కంప్యూటర్ల నుంచి వచ్చే తరంగాలు కడుపులో బిడ్డను తాకకుండా ఆపుతుందట. ఈ షావోషింగ్ పట్నంలో నెల తప్పిన ఏ ఉద్యోగినీ అది కట్టుకోకుండా ఆఫీసు మెట్లెక్కదు. నెల తప్పినవాళ్లను తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు.

"తాన్! నీకింకా పెళ్లే కాలేదు కదమ్మా?"

"నెలాఖరుకి సార్. కాస్త తొందరపడ్డాం" అని తాన్ సిగ్గు నటించింది.

"మరి మీకేమయింది గూ అక్కా? మొన్ననేగా మనవడికి నెల నిండిందని ఆనవాయితీగా ఎర్రరంగు వేసిన కోడిగుడ్లు పంచారు!"

"కనండి కనండి అని సర్కారే పోరు పెడుతుంటే దేశం మాట కాదనమంటావా నాయనా?" అంది గూ అక్క, ఎండు పుల్లపండు ఒకటి నోట్లో వేసుకుంటూ.

"అందరూ డాక్టరు కాగితాలు తెండి!"

"ఆడవాళ్లను అలా అడిగితే లేబర్ ఆఫీసువాళ్లు ఊరుకోరు సార్" అంది తాన్. "అయినా ఆ గోడమీద రాయించింది మీరేగా!"

గోడమీద బంగారు అక్షరాల్లో ఉంది: 'నిజమైన తల్లి మన ఏప్రానే కడుతుంది.'

పాంగ్ పళ్లు నూరుకుంటూ లెక్కపెట్టాడు. ఏడుగురే! ప్రాణం లేచొచ్చింది. పరుగున వెనక గదిలోకి వెళ్తే, ఎనిమిదో మనిషి షువో వదులుగా ఉన్న తెల్లకోటులో తన పని తాను చేసుకుంటోంది.

"నువ్వు ఏప్రాన్ కట్టుకోలేదా?"

"లేదు సార్."

"ఎవరైనా ఇస్తే?"

"ఊరికే ఇచ్చినా కట్టుకోను."

ఎంత నిజాయితీ! ఇలాంటి మనిషిని తీసెయ్యాల్సి వచ్చినందుకు ఆయనకు నిజంగానే బాధేసింది. అయినా తన ఉద్యోగం తనకు ముఖ్యం కదా. కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఏమీ అనుకోకమ్మా. ఇక్కడ సంతకం పెట్టు."

షువో సంతకం పెట్టలేదు. సొరుగులోంచి ఇంకో కాగితం తీసి దానిమీద పెట్టింది. ఆసుపత్రి ఎర్రముద్రతో 'అయిదో నెల' అని ఉంది. ఆమె లేచి నిలబడితే కోటు కింద పొట్ట స్పష్టంగా కనిపించింది.

పాంగ్ కుర్చీలో కూలబడ్డాడు. "ఇంతమందిలో నిజంగా కడుపుతో ఉన్నది నువ్వొక్కదానివేనా? మరి నువ్వెందుకు కట్టుకోలేదు తల్లీ?"

"ఆ గుడ్డ తరంగాలను ఆపుతుందో లేదో ఆరేళ్లుగా పరీక్ష చేస్తున్నది నేనే కదా సార్!"