ఉత్తుత్తి మంచం

ఆ పొద్దున ఆకాశం ముసురు పట్టి, తడిసిన గొంగళిలా ఊరి మీద వేలాడుతోంది.

నిలువనీడ లేనివాళ్ళకు రాత్రి బస ఇచ్చే కేంద్రాల వార్డెన్లందరికీ ఆ రోజు ఆఫీసులో కంప్యూటర్ శిక్షణ. ఎవరికి ఏ మంచం ఇచ్చారో ఇకమీదట అందులోనే ఎక్కించాలట.

ముందు కుర్చీలో కూర్చున్న వార్డెనమ్మ మౌసును తేలును పట్టుకున్నట్టు పట్టుకుంది.

"భయపడకండి మేడమ్. ఇది నేర్చుకోడానికి పెట్టిన ఉత్తుత్తి కాపీ. ఎంత గెలికినా అసలు దాంట్లో వెంట్రుక కూడా కదలదు," అన్నాడు శిక్షకుడు.

"ఎవరిని ఎక్కించమంటారు?"

శిక్షకుడు చుట్టూ చూశాడు. వాన తప్పించుకోడానికి వచ్చి తలుపు పక్కన ఒదిగి నిలబడ్డ ముసలాయన కనిపించాడు.

"రా తాతా, కూర్చో. పేరేంటి?"

చెప్పాడు.

"వయసు?"

"డెబ్బై దాటాయి బాబూ."

"రాత్రి ఎక్కడ పడుకున్నావు?"

ముసలాయన నోరు తెరిచేలోపే శిక్షకుడు అందుకున్నాడు. "అడగడమెందుకు, వాలకం చూస్తే తెలియడం లేదూ? ఫుట్‌పాత్ అని కొట్టండి మేడమ్."

గది గొల్లుమంది. వార్డెనమ్మ కొట్టింది.

తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి. మంచం కేటాయించడమైనది. కింద ఆవిడ కేంద్రం పేరే.

అందరూ చప్పట్లు చరిచారు.

"అయితే ఈ మంచం నాదేనా అమ్మా?"

"నీదే తాతా!" పరీక్ష గట్టెక్కిన సంబరంలో ఆవిడకు ఇంకేమీ తోచలేదు.

ముసలాయన దణ్ణం పెట్టి, వయసు మరిచినవాడిలా వానలోనే గబగబా వెళ్ళిపోయాడు.

పొద్దుగూకే వేళకు ఆవిడ కేంద్రం గుమ్మంలో ఉన్నాడు.

"నా మంచం ఏది తల్లీ?"

వార్డెనమ్మ గుమ్మం దాకా వచ్చింది. "అది ఉత్తుత్తిది తాతా. నేర్చుకోడానికి చేసింది. ఇక్కడ అన్నీ నిండిపోయాయి."

"పచ్చగా వచ్చిందిగా?"

"వచ్చింది. కానీ లేదు. రాత్రి పడుకున్న చోటే ఈ పూటకూ సర్దుకో. రేపు చూద్దాం."

ముసలాయన ఏదో చెప్పబోయాడు.

"నీకిస్తే రేపు ఊరంతా దిగుతుంది, పద పద," అన్నాడు కాపలావాడు.

"సరేలే తల్లీ, నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అని మెట్లు దిగాడు.

తెల్లారేసరికి, మూసిన కొట్టు అరుగు మీద, తడి తువ్వాలు కప్పుకుని కొయ్యబారి ఉన్నాడు.

శిక్షణ మాత్రం ఆగలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ, చంకన పిల్లాడితో ఒకామె తలుపు దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నిన్న ఈ ఆఫీసులో మంచం రాసిచ్చారట, ఆ తాత ఏ కేంద్రంలో ఉన్నాడు?"

వార్డెనమ్మే లేచి వెళ్ళి, తాత పోయాడని చెప్పింది.

ఆమె గడప మీదే చతికిలబడింది. ఒక్క మాట అంది. వార్డెనమ్మ తన పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టి, పక్కనే నేల మీద కూర్చుంది. శిక్షకుడూ వచ్చి కూర్చున్నాడు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అలాగే తిన్నారు.

ఆమె అన్నది ఇదీ: "ఎక్కడా చోటు దొరక్క ఏడుస్తుంటే, నాకు ఇంకోటి వచ్చిందిలే అని వంతెన దగ్గరి కేంద్రంలో తను రోజూ పడుకునే మంచం మాకిచ్చాడమ్మా; రాత్రి మళ్ళీ గుమ్మందాకా వచ్చి, మేం పడుకున్నది చూసి, ఎందుకొచ్చావని అక్కడి కాపలావాళ్ళడిగితే 'ఊరికే, పిల్లాడు నిద్రపోయాడో లేదో చూద్దామని' అని చెప్పి వెళ్ళిపోయాడట."