శనివారం కూడా బాసేనా

"రెండింటికల్లా బయల్దేరాలి తల్లీ," అన్నాడు ఆర్విడ్, చేతిలో కాఫీ ఇంకా సగం కూడా తాగకుండానే.

సిగ్ని మొహం మాడిపోయింది. కాలేజీలో చేరాక వచ్చిన మొదటి ఫ్యామిలీ వీకెండ్ ఇది. క్యాంటీన్ అంతా తల్లులూ తండ్రులే. సాయంత్రం ఐదింటికి కచేరీ, అందులో మొదటి పాట సిగ్ని ఒక్కతే పాడాలి. నాన్న వింటాడని నెల్లాళ్ళుగా సాధన చేస్తోంది పిచ్చిపిల్ల.

సరిగ్గా ఆ ఐదింటికే, అక్కడికి రెండు గంటల దూరంలో, నలభై రెండు ఆవులు పొదుగులు నింపుకుని ఆర్విడ్ కోసం చూస్తుంటాయి. వాళ్ళావిడ పితికేదే, కానీ పోయిన వారం దొడ్లో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. చుట్టుపక్కల వాళ్ళని అడుగుదామంటే వాళ్ళకీ ఆవులే, వాళ్ళకీ ఐదే. విస్కాన్సిన్‌లో పాడి రైతుకి వీకెండ్ ఏమిటండీ? పెళ్ళయినా చావయినా రెండు పూటలా పితకాల్సిందే.

"ఈ ఒక్క పూటకి ఎవరినైనా పెట్టలేవా నాన్నా?"

"కొత్తవాడు దగ్గరికొస్తే అవి పాలు చేపవు. మిషను తగిలించినా అంతే. నీకు తెలీనిదా?"

తెలుసు. ఆవుల మధ్య పెరిగిన పిల్ల, ఎందుకు తెలీదు?

అదే టేబుల్ దగ్గర సిగ్ని రూమ్మేట్ టెస్సా, వాళ్ళ నాన్న హోలిస్ కూర్చున్నారు. ఆయనది షికాగో, పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం. నలగని చొక్కా, తళతళలాడే బూట్లు. వేయించిన చీజ్ ముక్కలు నములుతూ, ఆవుల్ని రోజంతా కట్టేసి ఉంచుతారా, మేతకి వదులుతారా అని ఆర్విడ్‌ని అడిగాడు. మేతకి వదిలి సాయంత్రం ఇంటికి పిలుస్తామన్నాడు ఆర్విడ్.

టెస్సా పకపకా నవ్వింది. "ఆయనకి చెప్పి లాభం లేదు అంకుల్. పాలు ఫ్రిజ్‌లోంచి వస్తాయని తప్ప మా నాన్నకి ఇంకేం తెలీదు."

హోలిస్ కూడా నవ్వి ఊరుకున్నాడు. టెస్సా అక్కడితో వదల్లేదు. పోయిన పుట్టినరోజున తను కేకు కోస్తుంటే బాస్ ఫోన్ వచ్చిందని ఈయన లేచి వెళ్ళిపోయాడట. ఇవాళ మాత్రం బాస్ మాట ఎత్తనని ఒట్టు వేయించుకునే రానిచ్చిందట. ఆ సంగతి మూడోసారి చెప్పింది, ఆయన మూడోసారీ బుద్ధిగా తలూపాడు.

రెండు కాగానే ఆర్విడ్ టోపీ పెట్టుకుని లేచాడు. సాగనంపి వస్తానని హోలిస్ కూడా వెంట వెళ్ళాడు. సిగ్ని అలిగి కదల్లేదు. కాసేపటికి కిటికీలోంచి చూస్తే నాన్న పాత ఎర్ర ట్రక్కు గేటు దాటి పోతోంది. కళ్ళు తుడుచుకుని, ఫోను గదిలోనే పడేసి, రిహార్సల్‌కి వెళ్ళిపోయింది.

ఐదింటికి తెర లేచింది. సిగ్ని నోరు తెరవబోతూ రెండో వరసలోకి చూసింది. మోకాళ్ళ మీద టోపీ పెట్టుకుని నాన్న కూర్చున్నాడు.

ఆ పిల్ల ఎలా పాడిందో ఏం చెప్పను. ఆర్విడ్ ఐదింటి పూట పాలు పితక్కుండా కూర్చోవడం పాతికేళ్ళలో అదే మొదటిసారి, ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీక టోపీని పిండుతూనే ఉన్నాడు. పాట అయ్యాక చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయాడు.

తన వంతు అవగానే పరుగెత్తుకొచ్చి నాన్నని హాలు బయటికి లాక్కెళ్ళింది సిగ్ని. "నాన్నా, ఆవులో?"

"ఒకాయన నేను చూసుకుంటానన్నాడు. మన ట్రక్కు ఆయనే తీసుకెళ్ళాడు. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను."

"ఎవరాయన? అవి చేపుతాయా?"

"ఎవరో చెప్పొద్దని మాట తీసుకున్నాడమ్మా. కానీ నాలుగు మాటల్లో నాకు తెలిసిపోయింది, చేపుతాయి."

ఇంతలో టెస్సా ఫోను పట్టుకుని ఏడుపు మొహంతో వచ్చింది. వాళ్ళ నాన్న హాల్లోకే రాలేదు. కారు మాత్రం పెట్టిన చోటే ఉంది. మధ్యాహ్నం నుంచి ఫోన్ చేస్తుంటే ఇప్పటికి తగిలిందట.

"ఎత్తాడు, పలకడు. జేబులోనే ఏదో నొక్కుకుపోయినట్టుంది. ఎవరినో బతిమాలుతున్నాడు, ‘కమ్ బాస్, కమ్ బాస్’ అని. ఒట్టు వేసి మరీ వెళ్ళాడు సిగ్నీ! శనివారం కూడా బాసేనా? మనిషికి కాస్తయినా సిగ్గుండక్కర్లేదా?"

సిగ్ని ఆ ఫోను తీసుకుని చెవికి ఆనించుకుంది. ఎక్కడో దూరంగా హోలిస్ గొంతు వినబడుతోంది. మొదటి మాట పొట్టిగా, రెండోది బారుగా, గాలిలోకి వదిలేసినట్టు. ఆ సాగదీత పెద్దయ్యాక నేర్చుకుంటే వచ్చేది కాదు. సిగ్ని నాన్న వైపు తిరిగింది. ఆయన టోపీలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాడు. సిగ్ని కళ్ళు నిండిపోయాయి.

టెస్సా భుజం చుట్టూ చెయ్యేసి, ఫోను ఆమె చెవి దగ్గర పెట్టింది.

"మళ్ళీ విను టెస్సా. మా వైపు బాస్ అంటే ఆవు."