నాలుగో మనిషి

ముగ్గురూ పడకేశారు. కక్ష్యలో తిరుగుతున్న ఆ ప్రయోగశాలకు వచ్చి రెండు రోజులు కాలేదు, కెప్టెన్‌తో సహా అందరూ నిద్రసంచుల్లో దూరి, వాంతి కవర్లు పట్టుకుని కళ్లు మూసుకున్నారు. నాలుగో మనిషి మాత్రం పాదాలు కమ్మీకి తగిలించుకుని, గాజుపెట్టెలో పెరుగుతున్న గుండె కణాలకు పోషకద్రవం మారుస్తోంది. ఆమెను తోటివాళ్లు మొండిఘటం అంటారు. ఊరికే అనరు మరి.

ఆరుగంటలకోసారి ద్రవం మార్చకపోతే ఆ కణాలు చచ్చిపోతాయి. వాటి వెనక ఆమె తొమ్మిదేళ్ల చాకిరీ ఉంది.

తెర మీద అక్షరాలు పడ్డాయి. పంపింది కింద భూమ్మీద ఆ పూటే డ్యూటీకెక్కిన కొత్త డాక్టరు. ముగ్గురు పడిపోతే నాలుగోవాళ్లూ పని ఆపి పడుకోవాలట, రూలట.

"నేను శుభ్రంగా ఉన్నాను," అని టైపు చేసింది.

"ఇంకో గంటలో మీకూ మొదలవుతుంది మేడమ్. చెవి లోపల మనం తూలిపోకుండా చూసే భాగం ఒకటుంటుంది. బరువు తెలియని చోట దానికి దిక్కు తోచదు. ఆ తిప్పుడు ఎవర్నీ వదలదు."

"నన్ను వదిలింది."

కెప్టెన్ నోరు తెరిస్తే ఏమవుతుందోనని టార్చి వెలిగించి పిలిచాడు. ఆమె తిరగ్గానే పని ఆపెయ్యమని చేతులు జోడించాడు. గాలి తిప్పే మోటార్ల హోరు తట్టుకోలేక ముగ్గురూ చెవుల్లో దూది కుక్కుకున్నారు. ఆమె నవ్వి, కెప్టెన్ సంచి జిప్పు మెడదాకా లాగి, మళ్లీ పెట్టె దగ్గరికి పోయింది.

డాక్టరుకు ఒళ్లు మండింది. మాట వినకపోతే పెట్టెకు కరెంటు ఇక్కణ్ణించే తీయిస్తానన్నాడు.

ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. "తీయించండి చూద్దాం. మీ డాక్టర్ల బోర్డు నన్ను పనికిరానని మూడుసార్లు తిప్పి పంపింది. కోర్టుకెక్కి వచ్చాను. మళ్లీ ఎక్కుతాను."

దాంతో డాక్టరు దారికొచ్చాడు. ఏ మాత్ర వేసుకుంటున్నారో చెబితే మిగతావాళ్లకూ అదే ఇప్పిస్తానన్నాడు.

"మాత్రా లేదు, మందూ లేదు. నా ఫైలు తీసి, మీవాళ్లు నన్నెందుకు వద్దన్నారో చదువుకోండి," అని కొట్టి, ఆఖరి గిన్నెకు ద్రవం మార్చి మూత పెట్టింది.

డాక్టరు ఫైలు తెరిచాడు.

మూడుచోట్లా ఒకటే కారణం: లోపలి చెవి బొత్తిగా పనిచేయదు, పుట్టు చెవుడు.