ఏసీ లేని కారు

కప్పు పోయింది పరుగులో కాదు, తూకంలో.

కొండదారి పందెంలో అందరికంటే ముందు పైకి చేరింది బావ కారే. దాన్ని తయారుచేసిన మెకానిక్ ఆయనకు స్వయానా బావమరిది. గెలిచిన కారును తూచి చూడడం అక్కడి పద్ధతి. మరీ తేలికగా ఉంటే గెలుపు చెల్లదు. బావ కారు తేలికని తేలింది. కప్పు రెండో కారుకు ఇచ్చేశారు.

బావ పక్కసీటు కింద చెయ్యి పెట్టి తడిమాడు. అక్కడ ఉండాల్సిన సీసం దిమ్మ లేదు.

పందేనికి ముందు బరువు తగ్గించాలని ఇద్దరూ కలిసి కారులో ఏసీ మొత్తం ఊడదీశారు. కంప్రెసర్, కండెన్సర్, గొట్టాలు, డాష్‌బోర్డు వెనకాల ఇరుక్కున్న బ్లోయర్. ఒక్కొక్కటే కిందికి దిగుతుంటే బావది చిన్నపిల్లాడి సంబరం.

"ఇంకేమైనా ఉందేంట్రా తియ్యడానికి?"

"నీ పొట్టుంది బావా. దానికి సరిపడే స్పానరే దొరకట్లేదు."

అక్క నవ్వింది. నవ్వుతూనే, ఈ ఎండల్లో ఏసీ లేని కారులో కూర్చుంటే తను ఉడికిపోనా అని అడిగింది.

"ఒక్కసారి ఓడిపోనియ్యి. ఆ రోజే పందేలు మానేస్తా, ఏసీ పెట్టించేస్తా. నీ మీదొట్టు," అన్నాడు బావ.

ఆయన ఓడగా ఎవరూ చూడలేదు. ఇది గెలిస్తే తరవాతిది పెద్ద కొండ. కిందటేడు అక్కడ మలుపు తప్పిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఏసీ తీసేసరికి కారు ఉండాల్సిన దానికన్నా తేలికైంది. వాళ్ళకు కావలసిందీ అదే. ముందు భాగంలో బరువు తీసేసి, తగ్గినంతా సీసంగా నేలకు దగ్గర్లో పెడితే మలుపుల్లో కారు చెప్పినమాట వింటుంది. అక్క ఓ పాత గిన్నె ఇచ్చింది. మెకానిక్ అందులో సీసం కరిగించి దిమ్మ పోశాడు. రెండు రంధ్రాలు వేసి, పక్కసీటు కింద బోల్టులతో బిగించాడు.

పందెం రోజు పొద్దున అక్క షెడ్డుకు టీ తెచ్చింది. ఆ షెడ్డు వాళ్ళ నాన్న పెట్టింది. అమ్మ లేని ఇంట్లో తమ్ముణ్ణి పెంచిందీ, ఏ నట్టుకు ఏ స్పానరో నేర్పిందీ అక్కే. మగవాళ్ళు బయట టీ తాగుతుంటే, తను కుట్టి తెచ్చిన మెత్తలు సీట్ల మీద సర్ది, ఫ్లాస్కు సంచి చంకన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో బావ అరవలేదు. అరిచినా బాగుండేది.

"దిమ్మ సంగతి తెలిసింది మనిద్దరికే. నేను తియ్యలేదు. ఎవరికి అమ్ముడుపోయావురా?"

మెకానిక్ అక్క వైపు చూశాడు. అక్క తల దించుకుంది. ఇక తన గడప తొక్కవద్దన్నాడు బావ. గాలికి కొట్టుకునే ఆ వీధి తలుపు, అతని వెనకాల ధడాలున మూసుకుంది.

పందెం కార్లు షెడ్డుకు రావడం మానేశాయి. తోటి మెకానిక్‌లు అతన్ని చూసి మాట మార్చేవారు. మిగిలిన దిక్కు అక్క ఒక్కతే. బావ ఊళ్ళో లేనప్పుడు వచ్చి, పనిబల్ల మీద టీ పెట్టి, "నువ్వు చెయ్యలేదని నాకు తెలుసురా," అనేది. ఆ ఒక్క మాట పట్టుకుని అతను రోజులు నెట్టుకొచ్చాడు.

బావ ఒట్టు నిలబెట్టుకున్నాడు. పందేలు మానేశాడు. మళ్ళీ ఎండలు ముదిరాయి. కారు షెడ్డుకు పంపించి, ఏసీ సామానంతా అటక మీదుంది, వచ్చి తీసుకెళ్ళి బిగించమని కబురు పెట్టింది అక్క. ఆ కారు మీద వేరేవాడి చెయ్యి పడడానికి బావ ఒప్పుకోలేదట.

మెకానిక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. బావ పేపరు దించలేదు. కాసేపటికి పేపరు వెనకనుంచే, "ఫ్యాను పెంచవే, వాడికి చెమటలు పడుతున్నాయి," అన్నాడు. అక్క కుట్టుమిషను ముందు కూర్చుని పూలగుడ్డ ఏదో కుడుతోంది.

అటక మీంచి సామాను మూట దించి భుజాన వేసుకున్నాడు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. గాలి వీస్తున్నా కదలడం లేదు. దాని కిందిభాగానికి ఆనించి పూలగుడ్డతో కుట్టిన చిన్న దిండు ఉంది. దారికి అడ్డమని కాలితో నెట్టాడు. జరగలేదు. వంగి చెయ్యి వేశాడు.

వంగినవాడు అలాగే ఉండిపోయాడు. కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"ఏమైందిరా, నడుం పట్టేసిందా?" అడిగాడు బావ.

"ఏం లేదు బావా."

అక్క గబగబా వచ్చింది. "నువ్వెళ్ళు, నేను జరుపుతాలే," అంది. అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

కారు ఇంకా షెడ్డులోనే ఉంది. ఏసీ ఎప్పటికవుతుందని బావ ఇప్పుడు తనే ఫోన్ చేస్తున్నాడు. ఏదో ఒకటి దొరకట్లేదని చెబుతున్నాడు మెకానిక్.

ఆ పూలగుడ్డ దిండు లోపల, గిన్నె అడుగంత గుండ్రంగా, తను వేసిన రెండు రంధ్రాలతో సీసం దిమ్మ ఉందని బావతో అతను ఇంకా చెప్పలేదు.