కడగొట్టువాడు

దల్సు మూడోసారి బూటు లేసు కట్టుకోవడానికి దారి పక్క బండ మీద కూర్చున్నాడు.

లేసు ఊడలేదు. ఊపిరే అందడం లేదు.

పై మలుపులోంచి మన్బోక్ కేక వేశాడు. "ఒరేయ్ కడగొట్టోడా! ఆ లేసుకి పెళ్లి చేస్తున్నావా ఏంటి?"

"ముహూర్తం కుదరట్లేదట!" అన్నాడు పక్కనున్న పిల్జే.

ముగ్గురూ దేగు నగరంలో ఒకే సందులో పెరిగినవాళ్లు. నలభై ఏళ్లుగా, ఆకులు ఎర్రబడే రోజుల్లో జిరిసాన్ కొండల వరస మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తారు. పెళ్లిళ్లయినా, ఉద్యోగాలు ఊడినా ఈ నడక మాత్రం ఆగలేదు.

పొయ్యి, గిన్నె, బియ్యం, మాంసం, నీళ్లు అన్నీ దల్సు వీపు మీదే. చిన్నవాడు మొయ్యాలి, పెద్దవాళ్లు తిట్టాలి. అది అక్కడి ధర్మం.

వసంతంలో దల్సు గుండెలో స్టెంట్ వేశారు. నడవచ్చు గానీ బరువులెత్తకూడదన్నాడు డాక్టరు. ఆ మాట దల్సు భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. చెబితే "ఇక నువ్వు ఇంట్లో కూర్చోరా" అంటారు. ఈ ఇద్దరూ లేని శరదృతువుని అతను ఊహించుకోలేడు.

అదే బండ మీద ఒకతను కూర్చుని దోసకాయ తింటున్నాడు. టోపీ కనుబొమల దాకా, గుడ్డ ముక్కు దాకా. ఎండకి అక్కడ అందరిదీ అదే వేషం. దల్సు ఛాతీ మీద చెయ్యి పెట్టుకోవడం చూశాడు. దోసకాయ విరిచి సగం ఇచ్చాడు.

ఇంతలో మిగతా ఇద్దరూ దిగి వచ్చారు.

"నేనూ అటే. మీతో కలిసి నడవచ్చా?" అన్నాడతను.

"ముందు ఏ ఏడు పుట్టారో చెప్పండి," అన్నాడు మన్బోక్. పేరు తర్వాతైనా అడగొచ్చు. ఎవరిని మీరనాలో ఎవరిని నువ్వనాలో తేలకపోతే అక్కడ నోరు పెగలదు.

"మీలో చిన్నవారిది?"

"కుందేలు ఏడు," అన్నాడు దల్సు. అక్కడ ఏళ్లకి పన్నెండు జంతువుల పేర్లు, వరసగా తిరిగి తిరిగి వస్తాయి.

"నాది డ్రాగన్."

మన్బోక్ చప్పట్లు కొట్టాడు. "కుందేలు తర్వాతే డ్రాగన్! ఏడాది చిన్న! ఒరేయ్ దల్సూ, మూట దించరా. ఇన్నాళ్లకి నీకు తమ్ముడు పుట్టాడు!"

కొత్తవాడు రెండు సంచులనీ ఒకటిగా కట్టి వీపుకెత్తుకున్నాడు.

దల్సు గుండె ఒక్కసారిగా తేలికపడింది. వెంటనే అన్నగిరీ కూడా తలకెక్కింది.

"ఒరేయ్, నీళ్లియ్యి."

"ఇదిగో అన్నయ్యా."

కొండ మీది విడిదిలో పంది మాంసం వేయించింది కొత్తవాడే. గుడ్డ దించాక మొహం కాస్త ముదురుగా కనిపించింది. జుట్టు మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. కొండలెక్కేవాడి తోలు ఎండకి ముదరదా ఏంటి అనుకున్నారు.

"మాడుతోందిరా, తిప్పు!" అని దల్సు అరిచాడు.

"అన్నం ఇలాగేనా వండేది? మీ అమ్మ నేర్పలేదూ?" అని మన్బోక్ దెప్పాడు.

తిట్టు తిన్నప్పుడల్లా వాడు తల దించుకుని నవ్వుకున్నాడు. వీడికి కాస్త తిక్కేమో అనుకున్నాడు దల్సు. అయినా వాడంటే ఇష్టం కలిగింది.

మర్నాడు శిఖరమెక్కి, అవతలి వైపు లోయలోకి దిగారు. బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కొత్తవాడు సంచి అప్పగించి, ముగ్గురికీ నడుం వంచి దణ్ణం పెట్టి పరుగున ఎక్కేశాడు. పేరు అడగనే లేదని అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకి.

ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో కూర్చుని బియ్యపు కల్లు తెమ్మన్నారు. యజమానురాలు కుండ తెచ్చి వీధిలోకి తొంగి చూసింది.

"మీతో దిగిన పెద్దాయన వెళ్లిపోయారా? పులుసైనా తాగకుండా?"

"పెద్దాయనెవరు? వాడు మా కడగొట్టోడు!" అన్నాడు పిల్జే.

"బాగుంది వరస! ఆయన డెబ్బయ్యో పుట్టినరోజు విందు వండింది నేనే. అదీ రెండేళ్ల కిందట."

"డ్రాగన్ ఏడన్నాడే!"

"డ్రాగనే. పన్నెండేళ్ల ముందు వచ్చిన డ్రాగన్."

మన్బోక్ నెత్తి బాదుకున్నాడు. "డెబ్బై రెండేళ్ల మనిషి చేత గిన్నె తుడిపించానురా! వాళ్లమ్మ దాకా వెళ్లానురా!"

"మరి ఎందుకు పడ్డాడు?" అన్నాడు పిల్జే.

దల్సుకి తెలుసు. ఇక దాచడం అతని వల్ల కాలేదు. స్టెంట్ సంగతి, మూట సంగతి, బండ మీద తను ఛాతీ పట్టుకుంటే కొత్తవాడు చూసిన సంగతి, అన్నీ చెప్పేశాడు.



"వెధవా," అన్నాడు మన్బోక్. "నువ్వు పోతే మేమెవర్ని తిట్టాలిరా?"

పిల్జే లేచి దల్సు సంచి విప్పాడు. పొయ్యి తన సంచిలో పెట్టుకుని, గిన్నె మన్బోక్ వైపు తోశాడు. మన్బోక్ దాన్ని తన సంచిలో కుక్కుకున్నాడు. వచ్చే ఏడు నువ్వు రావద్దని ఎవరూ అనలేదు. దల్సుకి కళ్లు తడిశాయి. కడుపు నిండినట్టయింది.

"ఆయన ఊరెక్కడమ్మా? వెళ్లి కాళ్ల మీద పడాలి," అన్నాడు మన్బోక్.

"ఎందుకండీ? ఐదుగురు స్నేహితులు ఏటా ఈ కొండ దిగి ఇక్కడే తినేవాళ్లు, పెద్దవాళ్లు నలుగురూ ఒకరి వెనక ఒకరు పోయారు. వాళ్లలో కడగొట్టువాడు ఈయనే," అంది ఆవిడ. "తనని ఒరేయ్ అని తిట్టే నోరు ఈ లోకంలో ఒక్కటైనా మిగల్లేదని పోయిన ఏడు ఇక్కడ ఒక్కరే కూర్చుని ఏడ్చారు."